ఎనిమిదో చప్పుడు

కుక్కర్ మూడో విజిల్ వేసింది. స్టవ్ ఆపడానికి చెయ్యి చాచి, ఆగిపోయాను. ఆ మూడోది మా కుక్కరుదా, పక్కింటివాళ్ళదా? మా వంటింటి కిటికీ, వాళ్ళ వంటింటి కిటికీ ఎదురెదురుగా ఉంటాయి. వాళ్ళ పప్పు ఉడికితే మా ఇంట్లో ఇంగువ వాసన వస్తుంది. నా కూతురికి ఇదంతా పెద్ద వేళాకోళం. "అమ్మ చెప్పులు విప్పేసింది. ఇక మనకు అన్నం అరగంట తర్వాతే" అని నవ్వుతుంది. నిజమే, నాకు తెలియకుండానే చెప్పులు పక్కకు తన్నేసి, అరికాళ్ళు నేలకు ఆనించి నిలబడి ఉన్నాను. విశాఖపట్నంలో, మూడో అంతస్తులో, టైల్సు నేల మీద పాదాలకు ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. అయినా లెక్కలో అనుమానం వచ్చిందంటే నా చెయ్యి ముందుకు పోదు. అన్నం ముద్దయితే అయింది. ఆ చెయ్యిని పట్టుకుని ఆపేది జకరయ్య మాష్టారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

మాది విజయనగరం దగ్గర పల్లె. బస్తర్ గనుల నుంచి ఇనుపరాయి మోసుకుపోయే రైలు మార్గం పడ్డాక, ఆ పట్టాల వెంటే మావాళ్ళలాంటి కుటుంబాలు చాలా అక్కడికి చేరాయి. కిరండూల్ లైను మీద ఒక చిన్న స్టేషను పక్కన ఉండేవి మా క్వార్టర్లు. రోజంతా రాయి బండ్లు పోతూనే ఉండేవి, వాటి వెంట ఎర్రటి దుమ్ము లేస్తూనే ఉండేది. మా అమ్మ ఉతికి ఆరేసిన తెల్ల పంచెలన్నీ సాయంత్రానికల్లా సన్యాసం పుచ్చుకునేవి. బడిలో హిందీ, సంతలో హల్బీ, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు మాత్రం ఎక్కడా దొరికేది కాదు. ఆ ఒక్కటీ జకరయ్య మాష్టారి వరండాలో దొరికేది.

ఆయన నిజానికి పంతులు కారు. పార్వతీపురం వైపు మిషను బడిలో చదువుకుని, పని వెతుక్కుంటూ వచ్చి, పట్టాల కింద పరిచే కంకర కోసం తవ్వే క్వారీలో లెక్క మనిషిగా కుదిరారు. అది చదువుకున్నవాళ్ళు చేసే కుర్చీ పని కాదు. కొండరాయిలో వరసగా బెజ్జాలు వేసి, మందు కూరి, వత్తులు ముట్టించి అందరూ దూరంగా పరుగెత్తేవారు. ఒక్కొక్కటీ పేలుతూ ఉంటే లెక్కపెట్టడమే ఆ మనిషి పని. ఎనిమిది బెజ్జాలకు ఎనిమిదీ పేలితేనే "రావచ్చో!" అని కేక వెయ్యాలి. ఒక్కటి తక్కువైనా అరగంట సేపు ఎవరూ కదలకూడదు. పేలకుండా ఉండిపోయినది ఎప్పుడు పేలుతుందో దానికే తెలియదు. ఆ చప్పుళ్ళు వినీ వినీ మాష్టారి చెవులు పోయాయి. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట అందుకునేవారు. ఆ పని ఎందుకు మానేశారో పెద్దవాళ్ళకు తెలుసు గాని పిల్లలకు చెప్పేవారు కాదు.

మా నాన్న అదే క్వారీలో ముందు మనిషి. కేక వినబడగానే గునపం పట్టుకుని అందరికంటే ముందు గోతిలోకి దిగేవాడు. ఊగుతున్న రాళ్ళను పడగొట్టి, ఇక భయం లేదంటేనే మిగతావాళ్ళు దిగేవారు. అందుకని రోజూ మధ్యాహ్నం పేలుళ్ళ వేళకి మా అమ్మ చేతిలో ఏ పనున్నా వదిలేసి గుమ్మంలో నిలబడేది. నాకు ఊహ తెలిశాక నేనూ ఆమె పక్కన నిలబడేదాన్ని. మా ఇంట్లో దేవుడికి దణ్ణం పెట్టుకోవడమంటే అదే.

మాష్టారు వారానికి ఒక్క క్రియ చెప్పేవారు. చేసి చూపించకుండా పలక మీద రాయనిచ్చేవారు కాదు. 'రన్' వారం మేము స్టేషను దాకా పరుగెత్తాం. 'క్యారీ' వారం ఆయన ఇంటికి నీళ్ళ బిందెలు మోశాం. 'స్వీప్' వారం ఆయన వాకిలి అద్దంలా మెరిసింది. "ఈ మాష్టారు సదువు సెప్తన్నాడా, ఇల్లు బాగు సేయించుకుంటన్నాడా?" అని మా అమ్మ అనేది. అంటూనే ఆయనకు కూర గిన్నె పంపేది. భార్య పోయి ఒంటరిగా వండుకునే మనిషని జాలి.

తర్వాత 'వెయిట్' వారం వచ్చింది. నాకు అప్పుడు పన్నెండేళ్ళు, నోరు మాత్రం ఇరవై ఏళ్ళది. "ఊరికే కూకుంటే పనెలాగవుతాది మాష్టారూ?" అని అడిగాను. ఆయన నా పెదవులు చూసి నవ్వారు. చేతిగడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని, మా అందరినీ క్వార్టర్ల వెనకాల కొండకెదురుగా ఉన్న నల్లటి బండ మీదికి తీసుకుపోయారు. చెప్పులు విప్పించారు. పాదాలు బండకు ఆనించి కూర్చోమన్నారు. అరగంట.

అరగంటంటే ఎంతో అప్పటిదాకా నాకు తెలియదు. మొదట దురద పుట్టింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత భయమేసింది, ఎందుకో చెప్పలేను. ఎదురుగా కొండ, మధ్యలో లోయ, గాలి కూడా లేదు. ఎవరో మా కంటే ముందే వచ్చి ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది. "ఊరికే కూకోడం కాదమ్మా" అన్నారు మాష్టారు. "ఏదో ఉందని తెలిసి కూడా కదలకుండా ఉండడం. ఇంతకంటే కష్టమైన పని ఇంకోటి సెప్పు, నీకు పలక బలపం కొనిస్తాను."

అప్పుడే క్వారీలో పేలుళ్ళు మొదలయ్యాయి. మేమంతా వేళ్ళు మడిచి లెక్కపెట్టాం. తొమ్మిది. మాష్టారు తల అడ్డంగా ఊపి ఎనిమిదన్నారు. చెవిటాయన మమ్మల్ని దిద్దడమేమిటని మేము మోచేతులతో పొడుచుకున్నాం. ఆయన తన అరికాళ్ళు చూపించారు. "పేలిన ప్రతిదీ నేలలోంచి కాళ్ళకొస్తాది. కొండ తిరిగి పలికింది గాలిలోనే వస్తాది, కాళ్ళకి రాదు. చెవులు పోయినాకే ఇది నాకు తెలిసింది. చెవులున్నప్పుడు తెలిసుంటే..." అని, మాట అక్కడే వదిలేశారు.

ఆ కొండ సంగతి మాకు బాగా చెప్పింది ముత్తక్క. ఆవపల్లి వైపు నుంచి క్వారీ పనికి వచ్చిన దోర్ల తెగ మనిషి, రాళ్ళు మోసేది. "ఏంది పిల్లా, గది గూడ తెల్వదా? మనం లెక్కవెడితే కొండ గూడ లెక్కవెడ్తది. మనకంటె ఒకటి ఎక్కువనే అంటది" అంది. ఒకదాని వెనక ఒకటి పేలుతున్నంతసేపూ కొండ మాట కలిసిపోయేది. ఆఖరిది పేలాక మాత్రం కాస్త ఆగి, అచ్చం మరో బెజ్జం పేలినట్టే పలికేది. ఆ ఒక్కటి వదిలేసి లెక్కపెట్టడం క్వారీవాళ్ళకు అలవాటే. చిక్కంతా మంచు పట్టిన రోజున వచ్చేది. దట్టమైన మంచులో కొండ పలకదు. కాబట్టి ఎండ రోజున తొమ్మిది వినబడాలి, మంచు రోజున ఎనిమిది. మంచు సగం విచ్చిన రోజున ఎనిమిది వినబడితే? ఎనిమిదీ పేలి కొండ ఊరుకుందా, ఏడే పేలి ఎనిమిదోది కొండ అందా? "గప్పుడు ఎవ్వల్ని అడుగుతవు?" అని ముత్తక్క బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ వారం మా అందరిచేతా ఒక వాక్యం మొదలు రాయించి, ఆఖరిమాట మమ్మల్నే పూర్తిచెయ్యమన్నారు మాష్టారు. ఐ యామ్ వెయిటింగ్ ఫర్... ఒకడు రైలు అని రాశాడు, ఒకడు మామిడిపళ్ళు అన్నాడు. నేను మా నాన్న అని రాశాను. ఆయన పలక మీద మాత్రం ఆఖరిమాట లేదు. "మీది పూర్తి కాలేదు మాష్టారూ" అంటే, అవునమ్మా అని పలక బోర్లించారు.

రోజూ పాఠమయ్యాక ఆ బండ మీద మాచేత అరగంట 'వెయిట్' చేయించేవారు. చివర లేచి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని "రావచ్చో!" అని పాత కేక వేసేవారు. కొండ తిరిగి "...చ్చో" అనేది. అది విని మేము ఇళ్ళకు పరుగెత్తేవాళ్ళం. ఒక మంచు రోజున ఆయన కేక వెయ్యలేదు. ఎలాగూ పలకదు కదా అని ఊరుకుని, గడియారం కట్టుకుంటున్నారు. మేము పలకలు సర్దుకుంటున్నాం. అప్పుడు ఆ తెల్లటి మంచులోంచి, కొండ వైపు నుంచి, స్పష్టంగా వినబడింది. "రావచ్చో!" సగం కాదు, పూర్తి మాట.

పిల్లలంతా కేకలు పెట్టి పారిపోయారు. నేను బండ మీదే ఉండిపోయాను. ఆయనకు వినబడలేదు గనక, "ఏటైందమ్మా?" అని అడిగారు. కొండ పిలిచిందని చెప్పాను. ఆయన నన్ను కసురుకుంటారనుకున్నాను, లేకపోతే ఎవడో కొంటెవాడు అరిచుంటాడని నవ్వేస్తారనుకున్నాను. రెండూ చెయ్యలేదు. వంగి, నా ముఖానికి దగ్గరగా ముఖం పెట్టి, "ఏ గొంతు?" అన్నారు. మీది కాదు మాష్టారూ, పడుచు గొంతు, నవ్వుతూ అన్నట్టుంది అన్నాను. ఆయన మంచు వైపు తిరిగారు. "మంచు రోజున ఇకమీదట పాఠం లేదు" అన్నారు. ఇంటిదాకా నా చెయ్యి వదలలేదు. ఆ పట్టుకోవడం నాకు ధైర్యం చెప్పడానికో, తనకో ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక, బడి లేని రోజున నాన్నకు క్యారియర్ పట్టుకుని క్వారీకి వెళ్తున్నాను. అమ్మకు జ్వరం. మాష్టారు దారిలో కలిసి, ఆకాశం వైపు చూసి, "నేనూ వస్తాను పద" అన్నారు. పొద్దుటినుంచి పట్టిన మంచు అప్పుడే విచ్చుతోంది. కొండ నడుము దాకా కనబడుతోంది, తల లేదు. లెక్క మనిషి ఆ రోజు పనికి రాలేదట. సూపర్‌వైజరే లెక్కపెడతానన్నాడు. హిందీ మనిషి, మంచివాడే, కాకపోతే ఎప్పుడూ తొందర. క్వారీ అంచున అందరితో పాటు మేమూ ఆగాం. అలవాటు కొద్దీ చెప్పులు విప్పి నిలబడ్డాను. మాష్టారూ విప్పారు.

పేలుళ్ళు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు... ఏడోదాని తర్వాత కాస్త ఎడం. తర్వాత ఎనిమిదోది. "ఆఠ్! హో గయా, చలో!" అన్నాడు సూపర్‌వైజరు. నాన్న గునపం భుజాన వేసుకున్నాడు.

ఎనిమిదోది నా చెవులకు వచ్చింది. కాళ్ళకు రాలేదు.

మాష్టారు ముందుకు వెళ్ళి, "ఏడే బాబూ, ఏడే పేలినాయి" అన్నారు. జనం నవ్వారు. చెవిటోడి లెక్కని ఎవరో అన్నారు. సూపర్‌వైజరు ఆయన భుజం తట్టి పక్కకు జరిపాడు. అప్పుడాయన వెనక్కి తిరిగి నా వైపు చూశారు. కొండ వైపు కాదు, గోతి వైపు కాదు, నా వైపు. "నా మాట నమ్మరమ్మా. నీ చెవులు మంచివి. ఎన్ని?"

సిగ్గు విడిచి చెబుతున్నాను, నా నోరు పెగల్లేదు. అంతమంది మగవాళ్ళ ముందు, పెద్ద సారు ఎనిమిదంటే, పన్నెండేళ్ళ గుంటదాన్ని నేను ఏడనడమా? అరగంట పని ఆగి, చివరికి ఏమీ లేదని తేలితే నాన్నను పనిలోంచి తీసేస్తే? నిజంగా కాళ్ళకు రాలేదా, నేనే సరిగ్గా ఆనించలేదా? నాన్న నాలుగడుగులు వేశాడు. ఐదు. గోతి అంచు దిగుతున్నాడు. మాష్టారు నన్ను తొందరపెట్టలేదు. ఆయన కళ్ళు నా పెదవుల మీదే ఉన్నాయి.

"వెయిట్!" అని అరిచాను. ఇంగ్లీషులో ఎందుకు అరిచానో నాకే తెలియదు. ఆ వేళకి నోట్లో ఉన్న మాట అదే. నాన్నకు ఇంగ్లీషు ముక్క రాదు. కూతురి గొంతని ఆగాడు. "నానా, ఏడే! ఎనిమిదోది కొండది!"

నాన్న నన్ను చూశాడు, సూపర్‌వైజర్ని చూశాడు. నెమ్మదిగా పైకొచ్చి, నా పక్కన నేల మీద కూర్చుని, గునపం మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. "గుంట సెప్తంది. అరగంటే కదా బాబూ" అన్నాడు. సూపర్‌వైజరు చాలా తిట్టాడు. ముత్తక్క బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. ఆమెను చూసి మిగతావాళ్ళూ కూర్చున్నారు. మాష్టారు గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నారు.

పది నిమిషాలు గడిచాయి. క్యారియర్‌లో అన్నం చల్లారిపోతోంది. పదిహేను. మంచు కొండ మీంచి జారి గోతిలోకి దిగి అక్కడే నిలబడింది. ఇరవై. ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. పేలితే బాగుండునని కోరుకున్నాను. వెంటనే అలా కోరుకున్నందుకు భయపడ్డాను. "బస్, బహుత్ హో గయా. నేనే పోతాను" అని సూపర్‌వైజరు లేచి నాలుగడుగులు వేశాడు.

అప్పుడు నా కాళ్ళకొచ్చింది. ముందు కాళ్ళకు, ఆ తర్వాతే చెవులకు. నాన్న రోజూ గునపం పోటు మొదలుపెట్టే చోటునుంచే ఎద్దంత రాయి లేచి పడింది. సూపర్‌వైజరు ఉన్నచోటే కూలబడ్డాడు. కాసేపాగి, ఎదర కొండ ఆ చప్పుణ్ణి తిరిగి అంది. నాన్న నా తల మీద చెయ్యి వేసి తియ్యలేదు.

అందరూ నన్ను ఎత్తుకున్నంత పని చేశారు. మాష్టారు మాత్రం అక్కడ లేరు. వెతుక్కుంటూ వెళ్తే, మా నల్లబండ మీద ఒక్కరే కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్నారు. పక్కన కూర్చున్నాను. ఆయనే చెప్పారు.

"ఆ రోజు కూడా ఇలాగే సగం మంచమ్మా. మా తమ్ముడు దానియేలు ముందు మనిషి. మీ నాన్న పనే. నా కేకను ఎక్కిరిస్తా, తనూ రావచ్చో అంటా దిగేవాడు. ఎనిమిది వినబడినాయి. కొండ మోసం సేసిందని అందరూ అంటారు. నేనూ అననిచ్చాను. మోసం సెయ్యలేదమ్మా. ఆ ఎనిమిదోది కొండదేమోనని నాకు అనుమానం వచ్చింది. అప్పుడే, అక్కడే వచ్చింది." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "కాని ఆకలేసింది. మా ఆడమనిషి సేపల పులుసు తెచ్చింది. మూత తీసింది. ఇంకా అరగంటా అనుకున్నాను. రావచ్చో అని కేకేశాను."

నాకు ఆయన మీద కోపం రాలేదు. రావాలేమో కూడా తెలియని వయసు. కానీ ఆ మంచు రోజున "ఏ గొంతు?" అని ఎందుకడిగారో అప్పుడు అర్థమైంది. అడగకూడదనుకుంటూనే అడిగాను. "మాష్టారూ, మీరు రోజూ ఇక్కడ కూకునేది ఆ అరగంటేనా?" ఆయన తల ఊపారు. "రోజూ ఉంటన్నాను. ఆ రోజుది మాత్రం తీరడం లేదు."

నేను పై చదువుకు విజయనగరం వచ్చేశాక ఆయన పోయారు. ఇప్పుడు నేనూ ఇంగ్లీషే చెబుతాను. 'వెయిట్' అంటే ఏమిటని పిల్లలు అడిగితే, ఆగడం అంటాను, ఎదురుచూడడం అంటాను. రెండూ చెప్పాక కూడా ఏదో మిగిలిపోతుంది. ఏ పిల్లైనా జవాబు రాక నిలబడిపోతే పక్కవాళ్ళను చెప్పనివ్వను, నేనూ చెప్పను. ఆ పెదవుల వెనక ఏదో ఉందని నాకు తెలుసు. ఒకప్పుడు నేనలా నిలబడితే, మా నాన్న గోతిలోకి దిగుతున్నా, నన్ను తొందరపెట్టని మనిషిని చూశాను.

కిందటి శీతాకాలం నా భర్తతో కలిసి అక్కడికి వెళ్ళాను. క్వార్టర్లు పడిపోయాయి. కొండ లేదు. కంకర కోసం తవ్వీ తవ్వీ ఎదరి వైపంతా తినేశారు, అటుపక్క ఆకాశం కనబడుతోంది. నల్లబండ మాత్రం ఉంది. నోటి చుట్టూ చేతులు పెట్టుకుని "రావచ్చో!" అని కేక వేశాను. ఏమీ పలకలేదు. పలకడానికి అక్కడ ఏముంది? చెప్పులు విప్పి, పాదాలు ఆనించి, గడియారం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నా భర్త కాసేపు చూసి, కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

క్వారీ మూతపడి ఏళ్ళయింది. ఇరవై నిమిషాలు దాటాక, అరికాళ్ళ కింద ఒక్కసారి అదిరింది. చెవులకు ఏమీ వినబడలేదు. రాయి బండి పోయుంటుందని తర్వాత నా భర్త అన్నాడు. పోయుంటుంది. నేను పట్టాల వైపు తిరిగి చూడలేదు. అరగంటకు ఇంకా ఎనిమిది నిమిషాలు ఉంది. అది పూర్తయ్యేదాకా ఆయన తరఫున అక్కడే కూర్చున్నాను.